తనాకా గారి పచ్చలైటు

2009 చలికాలం. మిషిగన్‌లోని నోవైలో ఒక రీహాబ్ సెంటర్‌లో ఫిజికల్ థెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. అక్కడికి పేషెంట్‌గా వచ్చారు తనాకా గారు. జపాన్‌లో ఏళ్లతరబడి కరెంటు లోకల్ రైళ్లు నడిపి రిటైరైన మనిషి. నోవైలో ఉంటున్న కూతురు యుమిని చూడటానికి వస్తే, ఇక్కడ స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, కాలు స్వాధీనం తప్పాయి.

ఆయన కోరిక ఒక్కటే. తను నడిపిన రకం రైలును ఆ వసంతంలో సర్వీసు నుంచి తీసేస్తున్నారు. దాని ఆఖరి ట్రిప్పులో ఎక్కాలి. సొంతంగా నిలబడి నడిస్తేనే విమానం ఎక్కనిస్తానన్నారు డాక్టరు.

నాకసలే ఓపిక తక్కువ. గెయిట్ బెల్ట్, అంటే పేషెంట్ పడిపోకుండా నడుముకు కట్టి మేం పట్టుకునే పట్టీ, బిగించి "లేవండి, నడవండి" అని వెంటపడేదాన్ని. ఆయన కుర్చీలోంచి కదిలేవారే కాదు. ఒకరోజు ఎలాగో లేచి, ఎడమచేత్తో నావైపు వేలెత్తి చూపిస్తూ జపనీస్‌లో ఏదో గట్టిగా అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పెద్దాయనైతే మాత్రం, మనిషికి వేలు చూపిస్తారా?

ఆయన మాటలు నాకు ఇంగ్లీషులో చెప్పడానికి పక్కనే ఉండే యుమి నవ్వేసింది.

"మిమ్మల్ని కాదండీ. మీ వెనక ఎగ్జిట్ బోర్డు పచ్చగా వెలుగుతోంది కదా, దాన్ని. జపాన్‌లో రైలు డ్రైవర్లు సిగ్నల్‌ని వేలితో చూపించి, దానికని ఉన్న మాట పైకి అన్నాకే బండి కదిలిస్తారు."

"డ్యూటీలో ఏ చేత్తో చూపించేవారు?"

"కుడిచేత్తోనే."

మర్నాడే గోడకు పచ్చకాగితం అంటించాను. కుడిచేత్తో చూపించమన్నాను. మొదట్లో ఆ చెయ్యి ఒళ్లోంచి కాస్త లేచిందంతే. పోనుపోను భుజం దాకా వచ్చింది. చూపించాకే అడుగు వేసేవారు.

ఒకసారి ఆ రైలు ఫొటో చూపించారు. పాత రైళ్ల మోటార్లు తీసి, కొత్త పెట్టెల కింద బిగించి చేసిన బండట.

"పైకి కొత్తదే, మోటారు మాత్రం ముసలిది," ఆయన మాటల్ని యుమి చెప్పింది. "తొందరపెడితే మొరాయిస్తుంది. ముందు కాస్త కదలనివ్వాలి, తర్వాతే స్పీడు."

ఆ మాట నాకే తగిలింది.

ఎంత చేసినా, వేళకి డాక్టరు ఒప్పుకోలేదు. ఆఖరి ట్రిప్పు ఆయన లేకుండానే అయిపోయింది. నాకు చాలా బాధేసింది. యుమి ఆ వీడియోను లాప్‌టాప్‌లో తెచ్చి పెట్టింది. ఆయన లేచి నిలబడ్డారు. తెర మీద సిగ్నల్ పచ్చబడగానే కుడిచెయ్యి సూటిగా చాచి, ఆరోజు ఎగ్జిట్ బోర్డుని చూసి అన్న మాటే పలికారు. బండి వెళ్లిపోయింది. చూస్తే నా చేతిలో బెల్టు వదులుగా ఉంది. ఆయన తనంతట తనే నిలబడి ఉన్నారు.

మెల్లగా ఇటు తిరిగి, నావైపు వేలు చాచి మళ్లీ అదే మాట అన్నారు.

"ఈసారి బోర్డుకి కాదండీ, మీకే," అంది యుమి కళ్లు తుడుచుకుంటూ. "'దారి బాగుంది, బయల్దేరొచ్చు' అంటున్నారు."

నేనూ ఏడ్చేశాను. అప్పట్నుంచి "లేవండి" అని ఎవరి వెంటా పడలేదు. వాళ్ల పచ్చలైటు ఎక్కడుందో ముందు అడుగుతాను.