లతీఫుద్దీన్ సారు తప్పిన లెక్క

కోరుట్లలో లతీఫుద్దీన్ సారుకు డబ్బా కనిపిస్తే చాలు, కొలవకుండా వదలడు. లెక్కల మాస్టారు కాబట్టి జేబులో ఎప్పుడూ టేపుండేది. పెళ్లిలో మిఠాయి డబ్బా ఇచ్చినా మూత తీసే ముందు పొడవు, వెడల్పు, లోతు చూసుకునేవాడు. కొలత సరిగ్గా మూడో నాలుగో అంగుళాలు వస్తే ఆయన మొహం వాడిపోయేది. పక్కన అరో పావో తగిలితేనే ఆ డబ్బా మీద గౌరవం.

"జలపతి సారూ, అంగుళం డబ్బాల అర అంగుళం ముక్కలు ఎన్ని పడ్తయి?" అని తోటి మాస్టారును వారానికోసారైనా అడిగేవాడు.

తెలుగు చెప్పే జలపతి ఆలోచించకుండా "రెండు" అనేవాడు.

"ఎనిమిది. పొడుగుకు రెండు, ఎడల్పుకు రెండు, లోతుకు రెండు."

జలపతి మళ్లీ వారానికి మరిచిపోయేవాడు.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చి బడులకు తాళాలు పడ్డాయి. మాస్టార్లు వేసిన సమ్మె టెంటులో అందరికంటే పెద్ద గొంతు లతీఫుద్దీన్‌దే. అయితే రోజూ మధ్యాహ్నం పన్నెండు కాగానే మాయమయ్యేవాడు. ఇంట్లో పాఠాలు చెబుతున్నాడని గుసగుసలు మొదలయ్యాయి. నిజమైతే నలుగురిలో నిలదీయాల్సిందేనని, చూసి రమ్మని జలపతిని పంపారు. జలపతి ఇష్టం లేకుండానే బయల్దేరాడు. అంత మంచివాడికి సమ్మె ద్రోహి అన్న పేరు తన నోటి నుంచే రావాలా అని దిగులు.

వెళ్లేసరికి వాకిట్లో పిల్లలు, వాళ్ల ముందు రేకు డబ్బాలు. సారు భార్య జరీనాబీ పల్లిపట్టిని అర అంగుళం ముక్కలుగా కోస్తోంది.

"సార్, పాఠం చెప్తున్నరా?"

"చాక్‌పీసు ముట్టలే. డబ్బాలు నింపిస్తున్న."

డబ్బా మూడున్నర అంగుళాల పొడవు, రెండున్నర వెడల్పు, ఒకటిన్నర లోతు. అఖిల అనే పిల్ల ముక్కలు పేర్చి లెక్క చెప్పింది. "పొడుగుకు ఏడు, ఎడల్పుకు ఐదు, అంతస్తుకు ముప్పై ఐదు. మూడంతస్తులు సార్. నూట ఐదు."

"ఎనిమిదితోని భాగించు బిడ్డా."

"పదమూడు ఘనపు అంగుళాలు, పైన అరపావు."

"శాబాష్. ఇగ ఖాళీ చేయుండ్రి."

పిల్లలు డబ్బాలను నోళ్లలోకి ఖాళీ చేశారు. తట్టలో ఇంకా బోలెడు ముక్కలు మిగిలాయి. సారు నెత్తి గోక్కున్నాడు. "మళ్ల లెక్క తప్పింది. ఇండ్లకు పట్టుకపోండ్రి, గివన్నీ ఎవలు తింటరు?"

పన్నెండంటే బడిలో మధ్యాహ్న భోజనం వేళ. బడికి తాళం పడితే ఆ భోజనానికీ తాళమేనని టెంటులో ఒక్కరికీ తట్టలేదు. తనకూ తట్టనందుకు జలపతికి సిగ్గేసింది.

అఖిల ముక్కలు మూటకట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది. "సార్, రోజు లెక్క తప్పుతున్నరు."

లతీఫుద్దీన్ గతుక్కుమన్నాడు.

"రేపు గూడ గింతే తప్పు చేయుండ్రి. మా తమ్మునికి సరిపోతున్నయి."

టెంటులో జలపతి "పాఠం లేదు, ఏం లేదు. డబ్బాలు కొలుస్తున్నడు" అన్నాడు. ఆ పిచ్చి తెలిసిందే కాబట్టి అందరూ నవ్వి ఊరుకున్నారు.

మర్నాడు పన్నెండింటికి జలపతి పల్లీల సంచి మోసుకొచ్చాడు. లతీఫుద్దీన్ ఎగాదిగా చూశాడు. "అంగుళం డబ్బాల అర అంగుళం ముక్కలు ఎన్ని పడ్తయి సారూ?"

"పది."

"ఎనిమిదే గదా."

"మీరు కోసేటప్పుడు పదే" అంటూ జలపతి సంచి దించాడు.