డ్రైవరు దిగాలి

కాటాబాబు ఒక్కసారి తూచిన బరువును చచ్చినా నమ్మడు. రాయైనా రాజైనా ఆయన ముందు రెండుసార్లు తూగాల్సిందే. కూరగాయల అమ్మి ఆయన వీధి మలుపు తిరగడం చూస్తే గబగబా బుట్ట మీద గోనె కప్పేస్తుంది. వదినగారికి కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రిలో అందరూ పాప ఎవరి పోలికో అని వాదించుకుంటుంటే, ఈయన మాత్రం నర్సు వెంటపడ్డాడు.

"మూడు కిలోలన్నారు. గుడ్డతో కలిపి తూచారా, గుడ్డ లేకుండానా?"

పాపం ఆ నర్సు గుడ్డను విడిగా తూచి చూపించేదాకా ఆయన పాపను ఎత్తుకోలేదు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. లారీని సరుకుతో సహా ఎక్కించి తూచే వేబ్రిడ్జి మీద ఇరవై ఏళ్ళుగా పని. ఒక డ్రైవరు సీట్లోంచి కదలకుండా తూకం కానిచ్చేద్దామనుకుంటాడు. ఇంకొకడు సీటు కింద రాళ్ళు దాస్తాడు. కాటాబాబు కిటికీలోంచి తల బయటపెట్టి, "డ్రైవరు దిగాలి" అంటాడు. ఆ మాట విని దిగని డ్రైవరు ఇంతవరకూ లేడు. ఒకసారి యజమాని బావమరిదినే కిందికి దింపాడు. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. గిన్నె తూచేటప్పుడు అందులో గరిటె ఉంటే చాలు, "డ్రైవరు దిగాలి."

వదినగారు దర్జీ. ముందు గదిలోనే ఆమె కుట్టుమిషను, చుట్టూ వీధి మొత్తం బట్టలు. ఈ మధ్య మోకాలు మొండికేసింది. డాక్టరు నిక్కచ్చిగా చెప్పాడు: మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాలి, లేకపోతే మిషను తొక్కడం మానుకోవాలి. మోటారు పెట్టించుకోవచ్చు కదా అని భర్త అనబోయాడు. ఆమె చూసిన చూపుకి మళ్ళీ పేపరులోకి వెళ్ళిపోయాడు. ఆమెకు మిషను అంటే ఆ తొక్కుడే. ఇంతకీ ఆవిడ బరువు ఎంతో ఇక్కడ చెప్పడం లేదు. ఆవిడ కత్తెర చాలా పదునైనది.

మర్నాడే మరిది కాటాబాబు ఒక చిన్న కాటా తెచ్చి పెరటి గుమ్మం దగ్గర పెట్టాడు. ఇక ఆయనకు పట్టపగ్గాల్లేవు. గట్టిగా గాలేస్తే పక్కవీధిలో దొరికే మనిషి, రోజుకి ఎనిమిదిసార్లు ఎక్కి దిగేవాడు.

"టీ ముందు యాభై రెండు. టీ తరవాత యాభై రెండూ నూట యాభై. గ్లాసులోదంతా లోపలికే వెళ్ళింది వదినా, ఎక్కడా కారలేదు."

"చాలా సంతోషం, అడ్డు లే. నేను ఎక్కాలి."

మొదటి రెండు వారాల్లో రెండు కిలోలు తగ్గింది. ఆమె పాట పాడుకుంటూ కాజాలు కుట్టింది. పదిహేనో రోజు పొద్దున ఎక్కితే కిలో పెరిగింది.

"నిన్న నేను తిన్నదంతా మూటకట్టి తూచినా కిలో ఉండదు. ఈ కిలో ఎక్కడిది?" అంటూ దిగి మళ్ళీ ఎక్కింది.

"ఉప్పగా ఏమన్నా తిన్నారా?"

"నాలుగు చిప్సు ముక్కలు."

"నాలుగేనా?"

"ప్యాకెట్టు."

"వదినా, వానలో తడిసిన ఇసుక లారీ నిన్నటికన్నా బరువు తూగుతుంది. ఇసుక పెరిగిందా?"

"లేదు."

"నీళ్ళు పెరిగాయి. ఉప్పు తింటే ఒంట్లో నీళ్ళు నిలుస్తాయి, అంతే. ఇసుక తగ్గుతూనే ఉంది."

"అంటే నేను ఇసుక లారీనా?"

"తడిసిన ఇసుక లారీ" అని సవరించి, "ఉండండి, రాసుకోడానికి పెన్సిలు తెస్తాను" అంటూ లోపలికి వెళ్ళొచ్చాడు. తనూ ఎక్కి, "ఇదిగో, నాకూ కిలో పెరిగింది. నేనేమన్నా ఏడుస్తున్నానా?" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది.

అప్పటినుంచి ఆమె ప్రతి పొద్దున్నా తన అంకెను కాలెండరు మీద రాసింది. ఆదివారం మరిది ఏడు అంకెలూ కూడి ఏడుతో భాగించేవాడు. ఒక్కరోజు అంకె డ్రైవరుతో తూచిన లారీ అనీ, వారం సగటే అసలు సరుకనీ ఆయన సిద్ధాంతం. నిద్ర చాలకపోయినా, కొత్త వ్యాయామంతో కాళ్ళు పట్టేసినా అంకె ఎగిరేది. ఒకరోజు భర్త పేపరు చాటునుంచి, "బండి అన్‌లోడు అయిందా?" అని అడిగి, కొలతల టేపుతో వీపు మీద ఒకటి తిన్నాడు. ఆమె బరువు పెరిగిన ప్రతిరోజూ మరిది పెన్సిలుకి వెళ్ళొచ్చేవాడు, ఆయనా పెరిగేవాడు. ఇంటి గాలే అలాంటిదేమో అనుకుంది ఆమె.

పదకొండో వారం, బడి పిల్లల యూనిఫారాల హడావిడి. నిద్ర సరిగ్గా లేదు. వరసగా మూడు రోజులు అంకె పెరిగింది. మూడోరోజు పొద్దున కాటా దిగి, నేరుగా వెళ్ళి మిషను మీద దుప్పటి కప్పేసింది.

"అయిపోయింది మరిదీ. వచ్చేవాళ్ళని వేరే దర్జీ దగ్గరికి పొమ్మని చెప్తాను."

పెన్సిలుకి వెళ్ళొచ్చి కాటా ఎక్కాడు. "చూడండి, నాకూ పెరిగింది."

ఆమె కాటా చూడలేదు, ప్యాంటు చూసింది. అది తను కుట్టిందే. ఖాళీ జేబు ఎలా వేలాడుతుందో, నిండు జేబు ఎలా వేలాడుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"డ్రైవరు దిగాలి" అంది.

కాటాబాబు వినపడనట్టు పైకప్పు చూశాడు.

"దిగాలి."

జేబులోంచి లారీ చక్రం నట్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. దొంగ దొరికిపోయినా అలవాటు చావలేదు. "కిలో రెండొందలు. రెండుసార్లు తూచాను" అన్నాడు తల వంచుకుని.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఆ చిప్సు రోజునుంచి. మీరొక్కరే పెరిగితే బాగుండదని."

యజమాని బావమరిదినే ఉపేక్షించని మనిషి, తనకోసం కాటాను మోసం చేశాడు. వదినగారికి గుండె నిండిపోయింది. వెంటనే అనుమానమూ వచ్చింది.

"మరి కాలెండరు మీద లెక్క?"

"అది నా బరువు కాదుగా వదినా, మీది. దాంట్లో అబద్ధం రాస్తానా?" ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "ఈ మూడు రోజులూ కలిపే చూడండి. సగటున అయిదున్నర తగ్గారు."

ఆమె సగట్ల మీద వేలు పెట్టి వారం వారం కిందికి దిగింది. ఒక్కచోట కూడా వేలు వెనక్కి రాలేదు. దుప్పటి తీసి మడతపెట్టింది.

తర్వాతి వారం ఆసుపత్రిలో నర్సు తూచి, "అయిదూ ఎనిమిది వందలు తగ్గారు" అంది. డాక్టరు పెదవి విరవబోయాడు. వెనకనుంచి తెలిసిన గొంతు వినిపించింది.

"ఇంకోసారి తూచండి సిస్టర్. చెప్పులు తీయలేదు."

చెప్పులు లేకుండా ఆరూ నూట యాభై. డాక్టరు మిషను తొక్కుకోమన్నాడు.

ఆ సాయంత్రం ఆమె అందరి బట్టలూ పక్కనపెట్టి ముందు మరిదికి ప్యాంటు కుట్టింది. జేబులు బాగా లోతుగా, రెండు పొరల గట్టి గుడ్డతో పెట్టింది.