జేబులో ఫ్యూజు

డెబ్బైలలో జహీరాబాద్ పక్కనున్న మా చేనుకు కరెంటు వచ్చిన రెండో ఏటినుంచి మా నాయనది ఒకటే పద్ధతి. ఎవరైనా బావిలోకి దిగితే మోటరు పింగాణీ ఫ్యూజు పీకి రొంటిన దోపుకునేవాడు. దిగినవాడు పైకొచ్చి ఎదురుగా నిలబడేదాకా తీసేవాడు కాదు, మధ్యలో అన్నానికి కూర్చున్నా సరే. "పటేలు బంగారం దాస్కున్నడు" అని ఊళ్లోవాళ్లు ఎకసెక్కాలాడేవారు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. కరెంటు వచ్చిన మొదటి ఏడే, మా చిన్నాయన బావిలో మోటరు మీద చెయ్యి పెట్టి ఉండగా ఎవరో తొందరపడి స్విచ్చి వేస్తే, ఆయన రెండు వేళ్లు మళ్లీ వంగలేదు.

తర్వాత నేను సరుకుల ఓడలో రేడియో ఆఫీసరునయ్యాను. ఎనభైలలో మా ఓడకు శాటిలైట్ ఫోను పెట్టారు. రాడారుకు దూరంగా, పొగగొట్టం అడ్డురాని ఎత్తులో, బోర్లించిన ధాన్యపు గుమ్మిలా ఒక తెల్లటి గోళం బిగించారు. దాని లోపల ఒక పళ్లెం ఉంటుంది. ఓడ ఎటు ఊగినా అది ఆకాశంలోని ఉపగ్రహం వైపే తిరుగుతుంది. ఉన్నట్టుండి తిరిగితే మనిషి ఎముక విరుగుతుంది. మాట పంపేటప్పుడు దాని ముందు నిలబడితే, కంటికి కనిపించని వేడి ఒంటికి తగులుతుంది. అందుకని మనిషి పైకెక్కేముందు కరెంటు తీసేయాలన్నది నియమం. బిగించినవాళ్లు ఇంగ్లీషులో చెబుతుంటే నాకు మా బావే కనబడింది. అప్పటినుంచి మా ఓడలో ఆ ఫ్యూజు ఉండే చోటు నా జేబు.

ఆ ఏడు నా భార్యకు తొలి కాన్పు. దవాఖానలో చేర్చామనీ, మర్నాడు పొద్దున ఎరువుల దుకాణం ఫోను దగ్గర కూర్చుంటామనీ ఇంటినుంచి తంతి వచ్చింది. నాకు రాత్రంతా కంటిమీద కునుకు లేదు. తీరా పొద్దున చూస్తే సిగ్నలు లేదు. గోళం కింది కేబులులోకి ఉప్పునీళ్లు దిగాయి. ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. మా ఎలక్ట్రీషియన్ పైకెక్కాడు.

కాసేపటికి పని ఎందాకా వచ్చిందో చూద్దామని కెప్టెన్ నా రేడియో గదికి వచ్చాడు. నా సంగతి ఆయనకు తెలుసు. "కేబులు బాగై ఉంటుంది. అతను ఈపాటికి దిగుతూ ఉంటాడు, ఫ్యూజు వేసెయ్," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నా చెయ్యి జేబులోకి వెళ్లింది కూడా. అవతల నా భార్య ఎలా ఉందో తెలియక ప్రాణం కొట్టుకుంటోంది. అయినా ఆ ఫ్యూజు బయటికి రాలేదు. "మనిషి కనబడనీ సార్," అన్నాను.

ఎలక్ట్రీషియన్ చెమటలు కక్కుతూ గుమ్మంలోకి వచ్చాడు. అప్పుడు ఫ్యూజు పెట్టాను. లైను కలిసింది. నాయన గొంతు ఆకాశం చుట్టి వచ్చేసరికి ప్రతి మాటా ఒక క్షణం ఆలస్యం.

"నాయినా, ఆమె ఎట్లున్నది?"

"జర ఆగు. ముందుగాల నోట్లె చక్కెర ఏస్కోమంటున్నది మీ అమ్మ. అప్పటిదాంక చెప్పొద్దంట."

చెడ్డ కబురుకు మా ఇంట్లో ఎవరూ నోట్లో చక్కెర వేసుకోమనరు. కళ్లనిండా నీళ్లతో ఎలక్ట్రీషియన్ వైపు తిరిగి చక్కెర కావాలన్నాను. అతను వంటగదికి పరుగెత్తి గిన్నెడు తెచ్చాడు. నా నోట్లో ఇంత పోసి, తనూ ఇంత పోసుకున్నాడు.

"ఏస్కున్న నాయినా."

"ఇంత ఆలస్యమెందుకైంది? పొద్దటిసంది కూసున్నం."

"మీద మనిషి ఉండె. ఫ్యూజు జేబుల పెట్టుకున్న."

"దిగిండా? నీ కండ్లతోని చూసినవా?"

"నా పక్కన్నే ఉన్నడు. నా చక్కెర తింటున్నడు."

"అయితె మంచిది," అన్నాడు నాయన. "ఆడపిల్ల. తల్లీబిడ్డా మంచిగున్నరు."