మావకి వినపడని చప్పుడు

పెళ్ళయిన ఆరేళ్ళకి మా ఆవిడ నెల తప్పింది. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నాం. నిండగానే తను మొదట చెప్పింది వాళ్ళ నాన్నకే. తల్లి లేని పిల్ల, ఇంకెవరికి చెప్పుకుంటుంది? తండ్రి ముందు నోరు విప్పి చెప్పే మాట కాదది. అయినా పెరట్లో కత్తికి సాన పడుతున్న ఆయన పక్కన నిలబడి, తల వంచుకుని, కొంగు వేలికి చుట్టుకుంటూ గొణిగిందట. ఆయన తలెత్తి, "సర్లే అమ్మా, గేటేసి ఎల్లు" అన్నాడట. అంతే.

"మా నాన్నకి ఇష్టం లేదేటి?" అని ఆ సాయంత్రం నన్నడిగింది. నాకేం తెలుస్తుంది? కోపం మాత్రం నషాళానికంటింది. ఆయన్ని నిలదీస్తానంటే తనే ఆపింది. ఒకసారి చెప్పిన మాట, రెండోసారి నువ్వెళ్ళి చెప్తే నాకు తలకొట్టేసినట్టుంటుందంది. అప్పట్నుంచి తండ్రికి కంచం పెట్టడం, తీయడమే గాని, కూర్చుని కబుర్లాడటం మానేసింది.

మావ టెక్కలిలో ముప్పై ఏళ్ళు షెడ్డు నడిపిన మేస్త్రి. బండి మలుపు తిరగకముందే చప్పుడు విని, ఎక్కడ ఏ బేరింగు పోయిందో చెప్పేసేవాడు. షెడ్డు మూసేసి ఉద్దానంలో మా ఇంటికొచ్చాక ఆయన చేసిన మొదటి పని నా చిన్న జీపు ఎత్తు పెంచడం. మా కొబ్బరితోట అక్కుపల్లి దారిలో ఇసకలో ఉంది. చక్రాలు కూరుకుపోయేవి. మావ స్ప్రింగు పట్టీల దళసరి కమాను కట్టలు వేసి, వాటి చివర్లని చట్రానికి తగిలించే పొడుగు షాకిళ్ళు పెట్టి బండిని బెత్తెడు లేపాడు. ఆ తర్వాత ఇసకలో ఒక్కసారీ దిగబడలేదు. ఆ మాట ఊరందరికీ నేనే చెప్పుకున్నాను.

కొన్నాళ్ళకి ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్ మొదలైంది. డాక్టరమ్మ దగ్గరికి పలాస వెళ్ళాలంటే మాకున్నది ఆ బండే. గుంత వచ్చినప్పుడల్లా టక్. మా ఆవిడ పొట్ట మీద చెయ్యి వేసుకునేది. నాకు ప్రాణం ఉసూరుమనేది. సీటు కింద జాకీని తాడుతో కట్టాను, యూ బోల్టులు బిగించాను, షాక్ అబ్జార్బరు ఊపి చూశాను. చప్పుడు పోలేదు.

మావతో చెప్పాను, ఒకసారి కాదు, మూడుసార్లు. పక్కన కూర్చోబెట్టుకుని స్పీడ్ బ్రేకర్ల మీద తిప్పాను. "ఏ సప్పుడూ నేదు అల్లుడూ. బండి పూల మీద నడిసినట్టుంది" అన్నాడు. చేసిన పనికి వంక పెడితే ఒప్పుకోలేని మనిషి అనుకున్నాను. కూతురి కబురు విని కూడా బెల్లం కొట్టిన రాయిలా ఉన్నవాడికి బండి గోల ఏం పడుతుందిలే అని కూడా అనుకున్నాను. పలాసలో ఇంకో షెడ్డుకి తోలేస్తానంటే మా ఆవిడే అడ్డం పడింది. "మా నాన్న బతికుండగా ఆయన సేసిన బండిని ఒకడి సేతికిత్తావేటి?" అంది. అంత బాధలోనూ ఆ మాట అంది.

ఒక ఆదివారం ఉదయం తెగించాను. "ఇయ్యాల తేలిపోవాలి మావా, కిందకి దూరు" అని చేత్తో సైగ చేశాను. బండి ఎత్తు కదా, జాకీ లేకుండానే ఆయన వెల్లకిలా దూరాడు. నేను ముందు బంపరు మీద ఎక్కి గట్టిగా ఊపాను. టక్. మళ్ళీ టక్. గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడక్కూడా వినపడింది. ఆయన చెవికి మూరెడు దూరం కూడా లేదు.

"ఊపు అల్లుడూ, సప్పుడేదీ?" అన్నాడు కింద నుంచి.

నా కాళ్ళు ఆగిపోయాయి. మా ఆవిడ నా వైపు చూసింది. ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది.

నేను మళ్ళీ ఊపడం మొదలుపెట్టాను. ఆయన అరచెయ్యి ఒక్కొక్క చోటా ఆనించుకుంటూ పోయి షాకిల్ దగ్గర ఆగింది. "ఉండు. ఇక్కడ కొడతంది" అన్నాడు. విప్పించి చూస్తే లోపలి రబ్బరు బుష్ ఉబ్బి, మెత్తబడి, మునివేళ్ళకే ముక్కలై ఊడొచ్చింది. ఆయన వాసన చూసి నవ్వేశాడు. పడవ చెక్కలకి ఉప్పుగాలి పట్టకుండా పూసినట్టే, కమాన్లు తుప్పు పట్టకూడదని జీడిపెంకు నూనె ఈయనే దండిగా పూశాడు. అది కారి రబ్బరుని తినేసింది. "నా సేతి పనే అల్లుడూ" అన్నాడు, తప్పు దొరికిన సంబరంలో.

తర్వాత, "ఎన్నాళ్ళనించి?" అని అడిగాడు.

"నెల మావా" అని గట్టిగా అరిచాను. "వీధి సివరికి ఇనపడేది."

ఆయన నవ్వు ఆగిపోయింది. చేతుల్లో బుష్ ముక్కలతో అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. ముప్పై ఏళ్ళు చెవితో బతికిన మనిషి. తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది. ఆయన కూతురి వైపు తిరిగి, మెల్లగా అడిగాడు.

"నువ్వేటైనా సెప్పినావా అమ్మా, నాను ఊఁ అనేసి ఊరుకున్నాది?"

మా ఆవిడ గబగబా వచ్చి ఆయన ముందు కూలబడింది. సిగ్గుతో గొణిగిన మాటని, పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూసేలా అరిచి చెప్పింది.

"నువ్వు తాతవవతన్నావు నాన్నా!"

ఆయన చెయ్యి కూతురి తల వైపు లేచింది. చేతినిండా జీడి నూనె, తగిలితే పొక్కిపోతుంది. రెండు చేతులూ వెనక్కి దాచుకుని, ముందుకి వంగి నుదురు ఆమె నుదుటికి ఆనించాడు.

"మళ్ళీ సెప్పమ్మా" అన్నాడు.

వినపడక అడిగాడో, వినపడే అడిగాడో నాకు తెలియదు. ఆమె మళ్ళీ చెప్పింది.