ఉత్తుత్తి హైదరాబాద్

ఇప్పటికీ ఎక్కడైనా ఫోను ఎత్తగానే ఏ చప్పుడూ వినపడకపోతే, నాకు నల్లగొండలోని ఆ మేడ మీది గది గుర్తుకొస్తుంది. వేడెక్కిన ప్రింటరు వాసన, కింది హోటల్లో మరిగే చాయ్ వాసన కలగలిసి ముక్కుకు తగులుతాయి. ఆ గది జరీనా మేడంది. తొంభైల చివర్లో రెండు కంప్యూటర్లతో ఆమె నడిపిన ఆ చిన్న సెంటరులో నాది మొదటి ఉద్యోగం. పగలంతా నోరు తెరవకుండా, అనాల్సిన మాటలన్నీ ఇంటికెళ్లి డైరీలో రాసుకునే పిల్లను ఆమె ఎందుకు పెట్టుకుందో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఊళ్లలో బోరు నీళ్లు పరీక్ష చేయించే ఒక సంస్థ మాకు పని అప్పగించింది. ఊరి పేరు కొడితే మా ప్రోగ్రాం ఫోను లైను మీద హైదరాబాదులోని సర్వరును, అంటే వివరాలన్నీ ఉండే పెద్ద కంప్యూటరును, అడగాలి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో అది చెప్పాలి. 'తాగవచ్చు' అనో 'తాగరాదు' అనో బోరుకు అంటించే చీటీ అచ్చు కావాలి. పరీక్షించుకుందామంటే లైను దొరికేది కాదు. అందుకని రెండో కంప్యూటరు హైదరాబాదులా నటించేట్టు తయారు చేయమంది మేడం. దానికి 'ఉత్తుత్తి హైదరాబాద్' అని పేరు కూడా పెట్టింది. నేను తయారు చేశాను. ఏ ఊరు అడిగినా వెంటనే, చక్కగా జవాబిచ్చేది.

"నీ హైదరాబాద్ మస్తు మర్యాదస్తురాలు బేటా," అని నవ్వింది మేడం. "అసలుది గిట్ల పలుకుతదా? జర జరుగు, నన్ను కూసోనియ్యి." రెండో కంప్యూటరు ముందు కూర్చుని ఏవో మార్చింది. "ఇప్పుడు మీ ఊళ్లె కొత్త బోరు సంగతి అడుగు."

మర్రిగూడ అని కొట్టాను. జవాబు రాలేదు. కాసేపటికి ప్రింటరు కిర్రుమంది. చీటీ మీద అచ్చయింది: ఫ్లోరైడ్ సున్నా. తాగవచ్చు.

మా ఊరి ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మా అవ్వ నడుము వంగిపోయింది. ఎదుటి మనిషి మొహం చూడాలంటే ఆమె ఒళ్లంతా తిప్పాలి. జవాబు రాని చోట నా ప్రోగ్రాం ఖాళీని సున్నా అనుకుంది.

"సున్నా అని హైదరాబాద్ చెప్పిందా?"

"లేదు మేడం. ఏం చెప్పలే."

"మరి నువ్వెట్ల చెప్తున్నవ్? సప్పుడు లేకపోతే మంచిదన్నట్టేనా?"

ఆ వారమంతా ఉత్తుత్తి హైదరాబాద్ చేత మేడం రకరకాల వేషాలు వేయించింది. అది సగం జవాబిచ్చి ఆగిపోయేది. ఒక ఊరు అడిగితే ఇంకో ఊరి సంగతి చెప్పేది. నేను ఒక్కొక్కటే పట్టుకున్నాను. ఏ తేడా వచ్చినా చీటీ మీద ఒకటే మాట వచ్చేట్టు చేశాను: 'ఇంకా తెలియదు. తెలిసేదాకా తాగకండి.'

ఆ మాట సంస్థ పెద్దసారుకు నచ్చదని మేడంకు తెలుసు. "నువ్వే చెప్పాలె," అంది. నా వల్ల కాదన్నాను. "అయితే ఇగో, నేనే ఉత్తుత్తి సారును," అని కుర్చీలో వెనక్కి వాలి, లేని మీసం దువ్వింది. కసిరింది, మాట మధ్యలో తుంచింది, చివరికి కిటికీ వైపు చూస్తూ ఊరుకుంది. నేను తల వంచుకుని బయటికి పోబోయాను.

"ఏడికి? నేను వద్దన్ననా?"

అసలు రోజున పెద్దసారు చీటీ చదివి, "తెల్వదని అంటిస్తే ఊరోళ్లు నవ్వరా? ఆ జాగా ఖాళీ పెట్టున్రి," అన్నాడు.

"ఖాళీ పెడితే మంచిగున్నయనుకుని తాగుతరు సార్. మాది మర్రిగూడనే."

ఆయన ఫైలు తిప్పసాగాడు. నా కాళ్లు తలుపు వైపు లాగాయి. మేడం నా వైపు చూడనైనా చూడలేదు. అక్కడే నిలబడ్డాను.

"సార్, మీరింకా జవాబు చెప్పలే."

ఆయన తలెత్తాడు. "సరే తల్లీ. అంటించున్రి."

ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా ముందుగా నేను రాసేది నోరు మెదపని ఉత్తుత్తి సర్వరునే. మర్యాదగా పలికేదాన్ని తరువాత రాస్తాను.

ఆనాడు మా ఊరి కొత్త బోరు సంగతి అసలు హైదరాబాద్ కూడా చెప్పలేదు; ఆ చీటీ నేనే అంటించాను, అవ్వ చూపు అందేటంత కిందికి. అవ్వకు చదువు రాదు. "ఏం రాసిన్రే?" అంది.

"ఇంకా తెల్వదంట అవ్వా. తెలిసేదాకా తాగొద్దంట."

అవ్వ కాసేపు ఆ కాగితాన్ని వేలితో తడిమింది. "తెల్వదని చెప్పినోళ్లను గిప్పుడే చూస్తున్న," అని ఖాళీ బిందె నా చేతికిచ్చింది. "పా, నీళ్ల ట్యాంకర్ కాడికి పోదాం."