క్లారీ ఏ జట్టువాడు

మెల్‌బోర్న్ శివారులోని మా కార్లైల్ రోడ్డు మైదానానికి నూరేళ్లు దాటాయి. చలికాలం ఫుట్‌బాల్, ఎండాకాలం క్రికెట్, పక్క గడ్డి మీద ఆడవాళ్ల హాకీ. ఎవరి గది వాళ్లది, ఎవరి కప్పులు వాళ్లవి. టీ మాత్రం అందరికీ థెల్మాయే కాచేది.

ఆమె భర్త క్లారీ మూడింటికీ కావలసినవాడు. కుర్రతనంలో ఫుట్‌బాల్‌లో గోల్స్ కొట్టాడు, తర్వాత క్రికెట్‌లో బంతి వేశాడు, మోకాళ్లు అరిగాక హాకీ అమ్మాయిలకు ఈల ఊదాడు. పోయేముందు, "నన్ను చర్చి వెనక పెట్టకే, నా బూడిదను గోలు స్తంభాల ముందు చల్లు" అన్నాడు. మా దగ్గర అది మామూలే. పాస్టరుగారు ప్రార్థన చేశారు, మూడు జట్లూ వరసగా నిలబడ్డాయి, ఆమె బూడిదను ఆ గడ్డిలో కలిపింది. ఆ తర్వాత ఎప్పుడు అటు నడిచినా కాసేపు ఆగి, పెదవులు కదిపి వెళ్లేది.

మొన్న ఫుట్‌బాల్ సీజను ముగియగానే, నీరు నిలుస్తోందని మునిసిపాలిటీవాళ్లు ఆ కొసంతా తవ్వించారు. ఉతికిన తువాళ్లు ఇవ్వడానికి వచ్చిన థెల్మా కంచె దగ్గరే నిలబడిపోయింది. స్తంభాలు ఉండే చోట గొయ్యి.

ఫుట్‌బాల్ అధ్యక్షుడు బ్రెండన్ తల దించుకున్నాడు. "తవ్వుతారని మీకు క్రికెట్‌వాళ్లు చెప్పుంటారనుకున్నా, పెద్దమ్మా."

"మేమెందుకు చెప్తాం? ఆయనున్నది మీ గోలు ముందు కదా," అన్నాడు క్రికెట్ కార్యదర్శి లెస్. "అయినా హాకీ పిల్లలు మీ వీధిలోనేగా, వాళ్లు చెప్తారని..."

"బాగుంది," అంది థెల్మా. "బతికుండగా మావాడంటే మావాడని నా తలుపు విరగ్గొట్టేవాళ్లు. ఇప్పుడు ఎవరివాడూ కాకుండా పోయాడన్నమాట."

తవ్విన మట్టిని మోసే లారీ తోలే ఫిజీ మనిషి విలి కిందికి దిగి వచ్చాడు.

"మట్టి ఎక్కడ పోశానో నేను చూపిస్తానమ్మా, రండి."

సీటును తన చొక్కాతో తుడిచి, చెయ్యి పట్టి ఎక్కించాడు. తర్వాతి సంగతి అతనే నాకు చెప్పాడు.

పాత రాతి గనిలో పోశారట. రోడ్ల మట్టి, కూల్చిన ఇళ్ల ఇటుకలు, ఇంకేవో మైదానాల గడ్డి, అన్నిటినీ కలిపి బుల్డోజరు చదును చేస్తోంది. విలి చెయ్యెత్తి దాన్ని ఆపించాడు.

"ఎటువైపు, నాయనా?"

అతను చుట్టూ చూశాడు. "పొద్దున ఇక్కడే పోశానమ్మా. ఇప్పుడు ఆనవాలు తెలియట్లేదు."

థెల్మా ప్రభువు ప్రార్థన మొదలుపెట్టింది. ఎటు తిరిగి చెప్పాలో తోచక, మధ్యలో ఒకసారి పక్కకు తిరిగింది. ఆమేన్ అనేలోపు మళ్లీ తిరిగింది.