మాస్టారి హిందీ

మా లెక్కల మాస్టారు చనిపోయారన్న కబురు మొన్న మంగళవారం పాత ట్యూషన్ గ్రూపులో వచ్చింది. ఒక్కొక్కరుగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. ఒకప్పుడు ఇదే గ్రూపులో ఆయన్ని ఏం చేశానో గుర్తొచ్చింది. ఈ నాలుగు మాటలూ రాయడం అందుకే.

ఆయనది శ్రీకాకుళం వైపు. మేముండే హిందీవాళ్ల ఊళ్లో, సోనారి పేటలో, ఇంటి ముందు గదిలోనే ట్యూషన్. మాలో తెలుగువాళ్లం నలుగురమే, అందుకని హిందీలో చెప్పేవారు. ఆ హిందీలో ఆడా మగా తారుమారయ్యేవి. లెక్క మాత్రం తప్పేది కాదు. ఎవరైనా తెలియక తలదించుకుంటే, "ముందు తప్పుగానే సెయ్యి. ఎక్కడ దారి తప్పినావో నాను సూత్తాను" అనేవారు.

లాక్‌డౌన్‌లో పాఠం ఫోనులోకి మారింది. ఆయన స్టూలు మీద ఫోను నిలబెట్టి, బోర్డు కనబడుతోందా అని పదేపదే అడిగేవారు. మేం కెమెరాలు ఆపేసి పడుకుని వినేవాళ్లం. నెట్‌లో ఇంతకంటే మంచి వీడియోలు ఊరికే దొరుకుతుంటే ఈయనెందుకు అనుకునేవాళ్లం. ఒకరోజు ఆయన హిందీ ముక్కలు కోసి, పాట కలిపి, అర నిమిషం వీడియో చేసి గ్రూపులో పెట్టాను. సాయంత్రానికల్లా అది జుగ్సలాయిలో ఉండే మా అత్త ఫోనుకీ చేరింది. అందరూ నవ్వారు.

మర్నాడు ఆయన లెక్క మొదలుపెట్టకుండా ఫోను దగ్గరికొచ్చారు. మెల్లగా, తెలుగులో అన్నారు.

"నా హిందీ అలాగే ఉంటాది. నవ్వుకున్నారు, పర్లేదు. లెక్క తెలిసిందా లేదా, అదొక్కటీ సెప్పండి."

ఎవరూ మైకు తెరవలేదు. నా వేలు మీట దాకా వెళ్లి ఆగిపోయింది. ఆయన కొంతసేపు చూసి ఫోను ఆపేశారు. ఆ తరవాత ట్యూషన్ జరగలేదు.

డిప్లొమాలో లెక్కలు గట్టెక్కానంటే ఆయన చలవే. ఆదిత్యపూర్‌లో ఉద్యోగంలో చేరాక ఒకసారి బజారులో ఎదురై, "ఏటి సేత్తన్నావమ్మా?" అని అడిగారు. ఉద్యోగం సంగతి చెప్పాను. చెప్పవలసింది చెప్పలేదు.

నిన్న వెళ్లి ఆయన భార్యకి ఆ వీడియో సంగతి చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. లోపలికి వెళ్లి ఆయన ఫోను తెచ్చి నా చేతికిచ్చింది.

"ఒక్కరే గదిలో కూకుని ఏటేటో తీసుకునీవోరు. నాకు సూడ్డం రాదు."

అందులో పదుల కొద్దీ వీడియోలు ఉన్నాయి. అన్నీ ట్యూషన్ ఆగిపోయాక తీసినవే, ఏదీ ఎవరికీ పంపలేదు. అన్నింట్లోనూ ఒకటే పాఠం. హిందీలో ఒక వాక్యం చెబుతారు, ఆగుతారు, సరిచేసుకుని మళ్లీ మొదలుపెడతారు. రానురాను మాటలు తగ్గిపోయాయి. చివరి వీడియోలో ఒక్క మాటా లేదు. ఆయన అటు తిరిగి నిలబడి, లెక్క మొత్తం బోర్డు మీద రాస్తున్నారు. సుద్దముక్క గీసుకుంటున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది.